సెట్ లంచ్ ఎక్కడ చెడింది? బెంగళూరు హోటల్ చైనీస్ కిచెన్ నుంచి ఒక కేస్ స్టడీ

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఒక పెద్ద హోటల్, అందులో ఒక చైనీస్ రెస్టారెంట్. రాత్రిపూట దానికి మంచి పేరే ఉంది, శని ఆదివారాల్లో టేబుల్ దొరకడం కష్టం. మధ్యాహ్నం ఒకే ధరకు సూప్ నుంచి డెజర్ట్ దాకా పెట్టే సెట్ లంచ్ మీద మాత్రం ఎప్పుడూ ఏదో ఒక కంప్లయింట్. యాజమాన్యం నన్ను పిలిచింది అందుకే. నేను చాలా ఏళ్లు హోటల్ కిచెన్లలో వండాను, ఇప్పుడు కిచెన్లు ఎక్కడ గాడి తప్పుతున్నాయో చూసి సరిచేసే పని చేస్తున్నాను. హోటల్ పేరు రాయడం లేదు. ఇదే రోగం చెన్నైలో, హైదరాబాద్‌లో కూడా చూశాను కాబట్టి పేరుతో పెద్ద పని లేదు, పద్ధతి తెలిస్తే చాలు.

ముందే చెప్పేస్తాను, అక్కడ వంటవాళ్ల చేతిలో లోపం లేదు. సరుకులోనూ పెద్ద లోపం లేదు. వండిన వెంటనే తినాల్సిన వంటకాలన్నిటినీ గంటకు పైగా ఆపి వడ్డిస్తున్నారు. అలా ఎందుకు ఆపాల్సి వచ్చిందో, ఆపకుండా ఉండటానికి ఏమేం మార్చామో రాస్తాను.

కంప్లయింట్

యాజమాన్యానికి కంప్లయింట్ మెయిల్ రాసినాయన తెలుగువాడే, మారతహళ్లిలో ఉంటాడు. అనంతపురం నుంచి వచ్చిన అమ్మానాన్నలను, భార్యను తీసుకుని వెళ్లాడు. నాన్నగారు అప్పుడే రిటైరయ్యారు, రోజూ వెళ్లే దర్శినికి (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్‌కి) కాకుండా ఒక్కసారి పెద్ద హోటల్లో భోజనం పెట్టిద్దామని అతని కోరిక. నలుగురికీ సెట్ లంచ్ చెప్పాడు. సూప్ గోరువెచ్చగా వచ్చింది, అది సగం తాగకముందే స్టార్టర్ వచ్చింది, దాని వెనకే మెయిన్ కోర్సు కూడా వచ్చేసింది, గిన్నెలు పెట్టడానికి చోటు లేక అమ్మగారు సూప్ బౌల్ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. గోబీ మంచూరియన్ మెత్తబడిపోయి ఉంది. నూడుల్స్ ఫోర్కుతో ఎత్తితే మొత్తం ఉండలాగా లేచింది. ఫ్రైడ్ రైస్ ముద్ద కట్టింది. చివరికి నాన్నగారు ఎవరినీ ఏమీ అనకుండా స్టీవార్డ్‌ని పిలిచి, "బాబూ, కాస్త పెరుగన్నం ఉంటుందా?" అని అడిగారట. కొడుకు ఎక్కువ బాధపడింది దీని గురించే. మెనూ కార్డు మీద 900 అని ఉంటే బిల్లులో మనిషికి 1,168 పడటం రెండో బాధ.

ఇలాంటి మెయిల్ దొరకడం కిచెన్‌కి అదృష్టం. ఉత్తినే "బాగోలేదు" అని రాస్తే దాంతో మేం చేయగలిగింది ఏమీ ఉండదు. ఈయన కోపంగా రాయలేదు, ఏం జరిగిందో వరసగా రాశాడు. సూప్ చల్లారింది, గోబీ మెత్తబడింది, నూడుల్స్ ఉండ కట్టాయి. మూడూ వండాక ఆగడం వల్ల వచ్చే లక్షణాలే. ఉప్పు ఎక్కువైందనో కారం తక్కువైందనో ఆయన ఎక్కడా రాయలేదు, నాకు ముందు కంటబడింది అదే.

రెస్టారెంట్ కెప్టెన్ మదనపల్లె అబ్బాయి. మేనేజర్ పక్కన ఉన్నంతసేపూ "అంతా ఓకే సార్" అన్నాడు. తర్వాత స్టాఫ్ కెఫెటేరియాలో టీ తాగుతున్నప్పుడు తెలుగులో అసలు మాట చెప్పాడు. "అన్నా, మీరేం అనుకోవద్దు. తెలిసినోళ్లు వస్తే నేనే సెట్ లంచ్ వద్దని చెప్తా. రెండు ఐటమ్స్ విడిగా తీసుకోండి, అప్పటికప్పుడు చేసిస్తారు, వేడిగా ఉంటుంది అంటా. మనోళ్లకి అది పెట్టాలంటే మనసొప్పదు." నేను ఈ మాటను రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాను, అతని పేరు లేకుండా. వడ్డించేవాడే తన వాళ్లకు వద్దనే భోజనాన్ని బయటివాళ్లకు అమ్ముతున్నామంటే కంప్లయింట్లు లెక్కపెట్టాల్సిన అవసరం కూడా లేదు.

ప్లేట్లు కడిగే చోట

నేను ఏ రెస్టారెంట్‌కి వెళ్లినా ముందు డిష్‌వాష్ దగ్గర నిలబడతాను. లోపలికి తిరిగొచ్చే ప్లేట్లు అబద్ధం చెప్పవు. ఇక్కడ సూప్ బౌల్స్ సగం నిండుగా వస్తున్నాయి. డిమ్‌సమ్‌లో (ఆవిరి మీద ఉడికించే, లోపల మాంసం పెట్టిన చిన్న పిండి ముడుపుల్లో) లోపలి మాంసం తిని, గట్టిపడిన అంచులు వదిలేస్తున్నారు. గ్రేవీలో ముక్కలు ఏరుకుని గ్రేవీ వదిలేస్తున్నారు. తేనె పూసిన వేయించిన నూడుల్స్, పైన ఐస్‌క్రీమ్ ఉండే డెజర్ట్ కూడా ఎవరూ పూర్తిగా తినడం లేదు, ఐస్‌క్రీమ్ తినేసి కింద సాగిపోయిన నూడుల్స్ అలాగే ఉంచుతున్నారు. రాత్రి అదే కిచెన్ నుంచి వెళ్లిన ప్లేట్లు తుడిచిపెట్టినట్టు ఖాళీగా తిరిగొచ్చాయి. అదే వంటవాళ్లు, అదే సరుకు, అదే స్టవ్.

బెయిన్ మేరీ

పన్నెండుంబావుకు, గెస్టులు రావడానికి ముందే, సెట్ లంచ్ మొత్తం తయారైపోయి ఉంది. పికప్ కౌంటర్ పక్కన బెయిన్ మేరీలో, అంటే వంటను వెచ్చగా ఉంచే వేడినీళ్ల తొట్టిలో, వరసగా స్టీల్ పాన్లు. చికెన్ గ్రేవీ పాన్‌లో గరిటె పెట్టి మెల్లగా లాగాను. పైన సన్నని మీగడలాంటి పొర ముడతలు పడి గరిటెకు చుట్టుకుంది. పాన్ అంచుల వెంబడి గ్రేవీ పలచబడి నీళ్లు తేలాయి, మధ్యలో మాత్రం జిగురుగా ఉంది. పక్కన గోబీ పాన్‌లో పిండి పూత ముక్కల నుంచి ఊడి సాస్‌లో తేలుతోంది, పూత పోయిన కాలీఫ్లవర్ తెల్లగా కనిపిస్తోంది.

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడిన గ్రేవీ వండిన వెంటనే మెరుస్తూ, ముక్కకు పట్టుకుని ఉంటుంది. దాన్ని గంటసేపు వేడి మీద ఉంచి, మాటిమాటికీ గరిటెతో తిప్పుతూ, అందులో వెనిగర్ కూడా ఉంటే, చిక్కదనం ఇచ్చే ఆ స్టార్చ్ విరిగిపోతుంది. పాన్ పక్కన పెట్టి చల్లారనిస్తే మళ్లీ గడ్డకట్టి నీళ్లు వదులుతుంది. ఎలా చూసినా ఈ గ్రేవీ ఆగేది కాదు. వేయించిన ముక్క అయితే చెప్పక్కర్లేదు, సాస్‌లో పడ్డ క్షణం నుంచే కరకరలాడే గుణం పోవడం మొదలవుతుంది, ఐదు నిమిషాలు దాటితే చేసేదేమీ లేదు. మన సాంబారు, పప్పు, వంకాయ కూర ఆగితే ఇంకా రుచి పడతాయి కాబట్టి హాట్ కేస్‌లో పెట్టే అలవాటు మన హోటళ్లలో బాగా నాటుకుపోయింది. వోక్ (గుండ్రటి అడుగున్న చైనీస్ బాండీ) మీద చేసే వంట దానికి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాల్లో అయిపోయి, ప్లేట్‌లోకి వచ్చి, వెంటనే నోట్లోకి పోవాల్సిన వంట అది.

సూప్ సంగతి వేరు. హాట్ అండ్ సోర్ సూప్ కుండలో బాగానే వేడిగా ఉంది, థర్మామీటర్ పెడితే 82 డిగ్రీలు. టేబుల్ మీదకు చేరాక 58. కిచెన్ నుంచి టేబుల్ దాకా ఉన్న ఆ కాస్త దూరంలో అంత వేడి ఎక్కడికి పోయిందా అని చూస్తే, మందపాటి పింగాణీ బౌల్స్‌ని సైడ్ స్టేషన్లో సరిగ్గా ఏసీ గాలి పడే చోట దొంతరగా పేర్చారు. ఆ చల్లటి బౌల్‌లో పోయగానే సూప్ వేడిలో చాలా భాగం పింగాణీయే లాగేసుకుంటోంది. పైగా వెనిగర్, తెల్ల మిరియాల పొడి పొద్దున్నే కుండలో కలిపేస్తున్నారు. పులుపు ఘాటు, మిరియం వాసన రెండూ ఆవిరితో ఎగిరిపోయేవే, మధ్యాహ్నానికి మిగిలేది ఉప్పు, చిక్కదనం.

ఇంకోటి కూడా చూశాను, ఇది రుచికి సంబంధించింది కాదు, అందుకే మొదటి రోజే ఆపించాను. ఫ్రైడ్ రైస్ కోసం పొద్దున వండిన అన్నాన్ని పెద్ద ట్రేల్లో లోతుగా నింపి, గది వేడిలోనే మధ్యాహ్నం దాకా ఉంచుతున్నారు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషాన్ని తర్వాత ఎంత మంట మీద వేయించినా పోగొట్టలేం. వండిన అన్నాన్ని పలచగా పరిచి, రెండు గంటల్లోపు 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లోపు 5 డిగ్రీలకు తీసుకురావాలి. అలా ఫ్రిజ్‌లో ఆరిన అన్నమే ఫ్రైడ్ రైస్‌కు మంచిది కూడా, మెతుకు పైన తడి పోయి విడివిడిగా వేగుతుంది.

వోక్ మీద లెక్క

అందరూ పని తెలిసినవాళ్లే కదా, మరి అన్నీ ముందే ఎందుకు వండుతున్నారు? బద్ధకంతో కాదు. నేను వోక్ దగ్గర నిలబడి గమనించిన లెక్క ఇది.

ఆ చైనీస్ రేంజ్‌కి, అంటే పెద్ద పొయ్యికి, నాలుగు బర్నర్లు. ఒకదాని మీద ఎప్పుడూ స్టాక్ (వంటల్లోకి వాడే ఉడికించిన రసం), సూప్ ఉంటాయి. ఇంకొకటి నూనె బాండీకి పోయింది. మిగిలినవి రెండు వోక్‌లు, ఇద్దరు వంటవాళ్లు. ఒక వంటకం తిప్పి, దించి, వోక్ కడిగి, మళ్లీ కాల్చి, తర్వాతి ఆర్డర్ సరుకు చేతిలోకి తీసుకునేసరికి మూడు నిమిషాలు, ఎంత చురుకైన చేయి అయినా. అంటే వోక్‌కి గంటకు ఇరవై వంటకాలు, రెండు వోక్‌లకు నలభై. నలుగురు కూర్చున్న టేబుల్‌కి పాత సెట్ లంచ్ ఇవ్వాలంటే స్టార్టర్ ఒకటి, వెజ్ గ్రేవీ, నాన్‌వెజ్ గ్రేవీ, వేయించిన కూరగాయలు, రైస్, నూడుల్స్, మొత్తం ఆరుసార్లు వోక్ ఎక్కించాలి. నలభైని ఆరుతో భాగిస్తే ఆరు టేబుళ్లు, ఏడోదానికి మూడింట రెండు వంతులు. బెంగళూరు ఆఫీసు జనం అంతా పన్నెండు ముప్పావు, ఒంటిగంట ముప్పావు మధ్యలోనే వస్తారు, ట్రాఫిక్ చూసుకుని మళ్లీ మీటింగ్‌కి పరుగెత్తాలి. ఆ గంటలో హాల్లో ఆరు టేబుళ్లే ఉండవు కదా. పైగా విడిగా ఆర్డర్ ఇచ్చేవాళ్లు, రూమ్ సర్వీస్ కూడా ఇదే రేంజ్ మీద.

కాబట్టి వంటవాళ్లకు ఉన్న దారులు రెండే. ఒకటి, ఒకే వోక్‌లో ఆరేడు పోర్షన్లు కుక్కి చేయడం. అలా నింపితే వోక్ చల్లబడి, కూరగాయలు వదిలిన నీళ్లలోనే అవి ఉడుకుతాయి, వేగవు. చైనీస్ వంటలో మనం ఇష్టపడే ఆ మంట వాసన రాదు. రెండోది, ముందే వండి బెయిన్ మేరీలో పెట్టడం. వాళ్లు రెండూ చేస్తున్నారు, ఎందుకంటే మెనూ రాసినవాళ్లు వాళ్లకు మూడో దారి ఉంచలేదు.

వంటవాళ్ల చేతిలో లోపం లేదని ఊరికే అనలేదు. సర్వీస్ అయిపోయాక సీనియర్ వోక్ కుక్‌ని, డార్జిలింగ్ అతను, నాకోసం ఒక్క ప్లేట్ ఎగ్ ఫ్రైడ్ రైస్ చేయమని అడిగాను. ఖాళీ వోక్‌ని పొగ వచ్చేదాకా కాల్చి, నూనె పోసి ఒకసారి తిప్పి ఒంపేసి, మళ్లీ కొంచెం నూనె. గుడ్డు వేసి అది ఇంకా తడిగా ఉండగానే అన్నం. గరిటె వెనక వైపుతో ఉండల్ని నొక్కి విడదీసి, వోక్‌ని ముందుకు తోసి వెనక్కి లాగుతుంటే మెతుకులు మంట పైనుంచి ఎగిరి పడ్డాయి. సోయా సాస్ అన్నం మీద పోయలేదు, వేడి వోక్ అంచు మీద పోశాడు, అది చురుక్కుమని కాలి ఆ వాసన అన్నానికి పట్టింది. చివర్లో ఉల్లికాడలు. మెతుకు మెతుకు విడిగా, వేడిగా, ఉప్పు సరిగ్గా ఉంది. జనరల్ మేనేజర్‌ని పిలిచి ఆ ప్లేట్ పక్కన సెట్ లంచ్ రైస్ పెట్టి రెండూ తినమన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రెండూ వండిన మనిషి ఒక్కడేనా?" అని అడిగారు. ఒక్కడే.

డబ్బు సంగతి

సెట్ లంచ్‌లో ఏడు ఐటమ్స్: సూప్, స్టార్టర్, డిమ్‌సమ్, గ్రేవీ, కూరగాయలు, రైస్ లేదా నూడుల్స్, డెజర్ట్. ఏడు ఎందుకంటే పక్క హోటల్లో ఆరు ఉన్నాయి కాబట్టి. హోటల్ పెట్టుకున్న ఫుడ్ కాస్ట్ (సరుకు ఖర్చు) లక్ష్యం 30 శాతం, 900కి 270 రూపాయలు. దాన్ని ఏడుకు పంచితే ఐటమ్‌కి నలభై కూడా రావు. అందుకే రొయ్యలు చిటికెన వేలి గోరంత చిన్నవి, డిమ్‌సమ్ రెండే, చికెన్ గ్రేవీలో క్యాప్సికమ్, ఉల్లిపాయ ఎక్కువ. ఏదీ నిండుగా లేదు, అన్నీ ఉన్నాయన్న పేరు మాత్రం ఉంది. గెస్ట్‌కి గుర్తుండేది ఐటమ్స్ సంఖ్య కాదు, ఒక్కటైనా బాగుందా లేదా అన్నదే గుర్తుంటుంది. ఇది నేను ఎన్ని హోటళ్లలో చెప్పినా సేల్స్ వాళ్లు ఒప్పుకోరు.

బిల్లు గొడవ కూడా తేల్చాం. 900 మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 1,168 రూపాయల 20 పైసలు. రూమ్ అద్దె 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లకు 18 శాతం పన్ను, రోడ్డు మీద మామూలు రెస్టారెంట్‌కి 5 శాతం. అది చట్టం, హోటల్ చేతిలో లేదు. సర్వీస్ ఛార్జ్ మాత్రం హోటల్ చేతిలోదే. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. "అడిగితే తీసేస్తాం సార్" అని ఇక్కడ అంటున్నారు. అమ్మానాన్నలను పక్కన పెట్టుకుని ఎవరు అడుగుతారు? తీసేయించాం. కార్డు మీద పన్నుతో కలిపిన ధర వేయించాం.

చెన్నై రెసిపీ, బెంగళూరు రంగు

రెండు చిన్న విషయాలు. ఈ హోటల్ గ్రూపు రెసిపీలన్నీ చెన్నైలోని వాళ్ల పాత హోటల్లో తయారయ్యాయి. అన్నం ఉడకబెట్టే నిమిషాలు అక్కడివే. చెన్నై సముద్రం ఒడ్డున ఉంది, బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అదే టైముకి దించితే మెతుకు లోపల కొంచెం పలుకు మిగులుతుంది. దానికి ఇక్కడి వంటవాళ్లు టైము పెంచకుండా నీళ్లు పెంచారు, మెతుకు పైన మెత్తబడి అంటుకుపోయింది. మెయిల్లో ముద్ద కట్టిందన్న ఫ్రైడ్ రైస్ కథ సగం ఇక్కడిదే. నీళ్లు పాత కొలతకు తెచ్చి, రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉడికిస్తే సరిపోయింది.

రంగు సంగతి బెంగళూరుకే ప్రత్యేకం. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియన్‌లో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించింది, అప్పుడు పరీక్షించిన 171 శాంపిళ్లలో 107 పనికిరావని తేలింది. ఈ కిచెన్ రంగు వాడటం నిజాయితీగా మానేసింది, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఎర్రగా లేకపోతే గెస్టులు తినరన్న భయంతో డార్క్ సోయా సాస్ రెట్టింపు చేశారు. నల్లబడింది, కాస్త చేదు తగిలింది. మేం బ్యాడగి మిరపకాయలు తెప్పించాం. హావేరి జిల్లా మిరప అది, రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. గింజలు తీసి, నానబెట్టి, రుబ్బి, నూనె తేలేదాకా వేయించి పెట్టుకుంటే గోబీకి కావాల్సిన ఎరుపు వచ్చేస్తుంది. కారం కావాల్సిన మనవాళ్లకు గుంటూరు మిరపతో చేసిన చిల్లీ ఆయిల్ టేబుల్ మీద విడిగా పెట్టించాను, కెప్టెన్ సలహా అది.

మార్చినవి

ఆగగలిగే వంటకాలు ఏవి, ఆగలేనివి ఏవి అని ఎగ్జిక్యూటివ్ చెఫ్, నేను కూర్చుని రెండు భాగాలు చేశాం. సోయా సాస్, స్టార్ అనైస్ (అనాస పువ్వు), దాల్చిన చెక్క, అల్లం వేసిన స్టాక్‌లో మెల్లగా ఉడికిన చికెన్ ఆగుతుంది, ఆగితే ఇంకా బాగుంటుంది. ఎండు పుట్టగొడుగులు, టోఫూ కలిపి మట్టి పాత్రలో ఉడికించింది ఆగుతుంది. వంకాయను వెల్లుల్లి, అల్లం, మిరప పేస్టుతో మగ్గించింది ఆగుతుంది, అది మన గుత్తి వంకాయ తిన్న నాలుకకు పరాయిగా కూడా అనిపించదు. చైనా ఇళ్లలో ఇలాంటివి కూడా వండుకుంటారు, మనం హోటల్ చైనీస్ అనగానే వోక్ మీద ఎగరేసేదే అనుకుంటాం. డిమ్‌సమ్ స్టీమర్ మీద అవుతుంది కాబట్టి వోక్‌తో పోటీ లేదు, ఆర్డర్ పడ్డాకే ఎక్కించాలి, బుట్ట మూత టేబుల్ దగ్గరే తీయాలి. పారదర్శకంగా ఉండే ఆ పిండి చల్లారితే గట్టిపడుతుంది, ఎంగిలి ప్లేట్లలో అంచులు మిగలడానికి కారణం అదే.

వోక్ మీదకు టేబుల్‌కి మూడే మిగిల్చాం: స్టార్టర్, ఆకుకూర, ఫ్రైడ్ రైస్. నలభైని మూడుతో భాగిస్తే పదమూడు టేబుళ్లు. నూడుల్స్ తీసేశాం, కావాలంటే విడిగా. డెజర్ట్ వేయించినది తీసేసి చల్లటి లిచీ, పండ్ల ముక్కలు పెట్టాం. ధర మార్చలేదు, ఇలా మిగిలిన డబ్బుతో చికెన్ నిండుగా, డిమ్‌సమ్ నాలుగు.

గోబీ మంచూరియన్ మీద పెద్ద వాదన జరిగింది. నేను తీసేద్దామన్నాను. సేల్స్ మేనేజర్ "బెంగళూరులో గోబీ లేని చైనీసా? జనం లేచిపోతారు" అన్నారు, కెప్టెన్ కూడా ఆయన పక్షమే. ఉంచాం, పద్ధతి మార్చి. పొద్దున తక్కువ వేడి నూనెలో ఒకసారి వేయించి పక్కన పెడతారు, ఆర్డర్ వచ్చాక 180 డిగ్రీల పైన నూనెలో నిమిషం, వెంటనే వోక్‌లో సాస్‌తో రెండు ఎగుర్లు, ప్లేట్. నన్నడిగితే ఇప్పుడు ఆ మెనూలో అదే అన్నిటికంటే బాగుంది.

సూప్ బౌల్స్‌ని ఏసీ కింద నుంచి తీసి ప్లేట్ వార్మర్‌లో పెట్టించాం. వెనిగర్, తెల్ల మిరియాలు బౌల్ అడుగున వేసి పైన సూప్ పోస్తారు. కె.ఓ.టి. (కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ చీటీ) పద్ధతి కూడా మార్చాం: సెట్ లంచ్ ఆర్డర్ పడగానే కిచెన్‌కి సూప్, డిమ్‌సమ్ మాత్రమే వెళ్తాయి, సూప్ బౌల్స్ ఎత్తాక స్టీవార్డ్ వచ్చి చెప్తేనే వోక్ పని మొదలు. మొదట్లో స్టీవార్డులు మర్చిపోయేవాళ్లు, గెస్టులు ఖాళీ టేబుల్ ముందు కూర్చునేవాళ్లు, టెన్షన్ అయింది. ఆ పని ఒక్క కెప్టెన్‌కే అప్పగించాక కుదిరింది.

ఇప్పటి పరిస్థితి

డిష్‌వాష్ దగ్గర మళ్లీ నిలబడ్డాను. సూప్ బౌల్స్ ఖాళీగా వస్తున్నాయి, డిమ్‌సమ్ అంచులు మిగలడం లేదు. చికెన్ గిన్నెలో రసం కూడా అన్నంలో కలుపుకుని తింటున్నారు, మనవాళ్లు ముఖ్యంగా. మెయిల్ రాసినాయన్ని యాజమాన్యం మళ్లీ పిలిచింది, రాలేదు, వస్తానని మర్యాదగా జవాబిచ్చాడట. రావాలని నాకు మనసులో గట్టిగానే ఉంది, నాన్నగారిని కూడా తీసుకుని.

వెజ్ సెట్ ఇంకా బలహీనంగానే ఉంది. టోఫూ అందరికీ నచ్చదు, పనీర్ పెట్టమని అడుగుతున్నారు, ఆ స్టాక్‌లో పనీర్ రబ్బరులా అవుతుంది. ఉల్లి, వెల్లుల్లి వద్దనే జైన్ గెస్టులకు వంకాయ, పుట్టగొడుగులు కూడా పనికిరావు, వాళ్లకోసం బీన్స్, క్యాబేజీతో విడిగా వోక్ ఎక్కించాల్సి వస్తోంది, అక్కడ పదమూడు టేబుళ్ల లెక్క తప్పుతుంది.

అసలు సమస్య బాంకెట్ ఉన్న రోజులది. పెద్ద ఫంక్షన్ ఉంటే బాంకెట్ వాళ్లు ఒక వోక్ కుక్‌ని, ఒక బర్నర్‌ని తీసుకుపోతారు. ఒక్క వోక్ మీద గంటకు ఇరవై వంటకాలే కాబట్టి ఆరు టేబుళ్లకు మించి సెట్ లంచ్ అమ్మకూడదు. ఆ రోజుల్లో ఏడో టేబుల్ నుంచి సెట్ లంచ్ కార్డు ఇవ్వొద్దు, విడి మెనూ ఇవ్వండి అని రాసిచ్చాను. చెఫ్ ఒప్పుకున్నాడు, సేల్స్ ఇంకా ఒప్పుకోలేదు. బాంకెట్ కిచెన్‌కి సొంత చైనీస్ రేంజ్ పెట్టించే ప్రతిపాదన వెళ్లింది, గ్యాస్ లైన్ కొలతలు తీసుకుని వెళ్లారు. అది వచ్చేదాకా ఫంక్షన్ షీట్ చూసి, ఆ వేళ ఎన్ని సెట్లు అమ్మాలో పొద్దున్నే బోర్డు మీద రాసే బాధ్యత కెప్టెన్‌ది.